ఓడ కబుర్లు: కొబ్బరిబొండంలో రమ్ము

ఈసారి కట్ట విప్పితే ఉత్తరాలన్నీ ఒకటే వాసన. పదకొండు వస్తే ఎనిమిది, ప్రయాణికులు సొంత మందుసీసా ఓడెక్కించకూడదన్న రూలు గురించే. స్కూళ్లకి సెలవులిచ్చే రోజులు, టూర్ల వాళ్ల కరపత్రాలు పేపరు మడతల్లో పడుతున్నాయి కదా, అదీ సంగతి. ఓడ ఉద్యోగాల గురించి రాసినవాళ్లు ఈ వారం ఓపిక పట్టండి. ఒక తల్లి ఉత్తరం మాత్రం చివర్లో ఉంచాను, దాన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్లకి రెండు ముక్కలు. మాది సోంపేట పక్క పల్లె. 1999లో విదేశీ ప్రయాణికుల ఓడ ఎక్కాను. 2020లో కరోనాకి ఓడలన్నీ ఆగిపోయినప్పుడు దిగాను, మళ్లీ ఎక్కలేదు. మొదటి తొమ్మిదేళ్లూ గదులు సర్దే స్టీవార్డుని. ఆ తర్వాత, జనం ఎక్కేచోట సంచులు చూసే సెక్యూరిటీలో. సీసా దాచిన గదులూ చూశాను, దాచిన మనుషుల మొహాలూ చూశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంటిపట్టున ఉన్నాను.

"అన్నయ్య గారూ, మేం మూడు కుటుంబాలం కలిసి సింగపూర్ వెళ్లి, అక్కడ నాలుగు రాత్రుల క్రూయిజ్ ఎక్కుతున్నాం. మగవాళ్లు ముగ్గురూ వాట్సాప్‌లో ఒకటే మంతనాలు. మౌత్‌వాష్ సీసాలో వోడ్కా పోసి ఆకుపచ్చ రంగు కలుపుతారట. రమ్ముని ఇంజక్షను సూదితో కొబ్బరిబొండంలోకి ఎక్కిస్తారట. ఆ మౌత్‌వాష్ నా సంచిలో పెడతారట, ఆడవాళ్ల సంచులు అంతగా చూడరని. పట్టుబడితే జైల్లో పెడతారా? నాకు నిద్ర పట్టడం లేదు." — ఒక గృహిణి, విజయనగరం

జైలూ లేదు, గియిలూ లేదు. ముందు నిద్రపో చెల్లెమ్మా. సీసా తీసుకుంటారు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మామూలుగా అంతవరకే. ఓడలో తాగి గొడవ చేస్తే మాత్రం కథ మారుతుంది. అప్పుడు మిమ్మల్ని తర్వాతి రేవులో దింపేసే హక్కు కెప్టెన్‌కి ఉంటుంది. టికెట్టు కొన్నప్పుడే ఆ షరతుకి ఒప్పుకున్నట్టు లెక్క. అక్కణ్నుంచి ఇంటికి రావడానికయ్యే ఖర్చు మీదే.

ఇక ఆ కొబ్బరిబొండం. ఈ ఆలోచన ఎవరిదో గాని మా ఉద్దానం గాలి తగిలినవాడే అయ్యుంటాడు. ఇరవై ఏళ్లలో పుచ్చకాయలో చూశాను, గొడుగు పిడిలో చూశాను, బైనాక్యులర్ గొట్టాల్లో చూశాను, తల దువ్వుకునే బ్రష్షులో చూశాను. బొండం మాత్రం చూడలేదు. కానీ సూది గుచ్చిన బొండం విశాఖ నుంచి సింగపూర్ దాకా నాలుగు గంటలు విమానం పొట్టలో, మీ పట్టుచీరల మధ్య, బోర్లా పడి ఉంటుందని మీ ఆయనకి గుర్తుచెయ్యి. ఆ ఒక్క మాటతో బొండం సంగతి తేలిపోతుంది.

మౌత్‌వాష్ కథ పాతదమ్మా. ఎంత పాతదంటే, ఎక్కేరోజు మా బల్ల మీదకి పెద్ద మౌత్‌వాష్ సీసా వస్తే చాలు, చెయ్యి దానంతటదే మూత మీదకి పోయేది. మూత సీలు తెగి ఉందా అని చూస్తాం. ఆ తర్వాత సీసా ఊపుతాం. అసలు మౌత్‌వాష్ అయితే నురగ కట్టి కాసేపు నిలుస్తుంది. రంగు కలిపిన వోడ్కా అయితే బుడగలు లేచి, లేచినంత బేగి చచ్చిపోతాయి. మూత తీసి వాసన చూడ్డం ఆఖరి పని, చాలాసార్లు అంతదాకా రానే రాదు. ఎదురుగా నిలబడ్డ మనిషి మెడ దగ్గర నరం ముందే చెప్పీసేది.

ఆడవాళ్ల సంచులు చూడరన్నది ఎవరు చెప్పారో! ఎక్స్‌రే బెల్టు మీద అన్ని సంచులూ ఒకటే. ఒక సంగతి చెబుతాను, నీ నిద్ర పోగొట్టినాయనకి చదివి వినిపించు. అనుమానం వచ్చిన సంచిని గదికి పంపరు. కింది డెక్కులో ఒక గది ఉంటుంది, సొంతదారుని అక్కడికి పిలుస్తారు. ప్రయాణికులు దానికి 'నాటీ రూం' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అల్లరి పిల్లల్ని నిలబెట్టే గదన్నమాట. ఒకసారి డెబ్భై ఏళ్ల విదేశీ జంట వచ్చారు. ఆవిడ ఊలు అల్లుకునే సంచిలో, ఊలుండల కింద, రమ్ము పోసిన ప్లాస్టిక్ పొట్లాలు రెండు. పల్చగా, మన పాలపేకెట్లలా ఉంటాయి, దొంగతనంగా తీసుకెళ్లడానికే చేసి అమ్ముతారు వాటిని. నేను బయటికి తీయగానే ఆవిడ వెనక్కి తిరిగి మొగుడి వైపు చూసింది. ఆయన పైకప్పు చూస్తున్నాడు. "ఇవి మీవేనా అమ్మా?" అని అడగాలి, అది నా డ్యూటీ. అడిగాను. ఆవిడ "అవును" అంది. సంతకం పెట్టింది. మొగుణ్ని ఒక్క మాట అనలేదు. ఆ వారమంతా రాత్రి భోజనానికి ఆవిడ వేరే బల్ల దగ్గర, ఎవరో ముక్కూమొహం తెలీని ఆడవాళ్లతో కూర్చుంది. ఆయన ఒక్కడూ మా నేపాలీ వెయిటరుతో వాతావరణం గురించి మాట్లాడుకుంటూ తిన్నాడు.

ఇంత తంటా లేకుండా రాచబాట ఒకటుంది. సింగపూర్‌లో మనవాళ్లు ఎక్కువగా ఎక్కే రాయల్ కరీబియన్ ఓడల్లో, తాగే వయసున్న ఒక్కొక్కరికీ ఎక్కే రోజున 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి చేతిసంచిలో తెచ్చుకోనిస్తారు. సీలు తీయనిదై ఉండాలి. బీరూ, విస్కీ, రమ్మూ కుదరవు. మీరు ఆరుగురు పెద్దవాళ్లు, అంటే ఆరు సీసాలు. మీ మగవాళ్లకి వైన్ ఎక్కదంటారా, అది ఓడ తప్పు కాదు.

"మావయ్యా, భద్రత భద్రత అంటారు గాని ఇదంతా వ్యాపారమే కదా? ఓడలో ఒక బీరు ఎనిమిది, తొమ్మిది డాలర్లట. మనది మనం తెచ్చుకుంటే వాళ్ల బారు నడవదు, అందుకే ఈ రూలు. నిజం చెప్పు." — ఒక కుర్రాడు, పలాస

సగం నిజం రా అబ్బాయ్. సగం ఒప్పుకుంటాను.

పెళ్లి మంటపం వాళ్లు చూడు, అద్దె చవగ్గా చెబుతారు, వంటా అలంకరణా మాత్రం మా మనుషులదే తీసుకోవాలంటారు. ఓడా అంతే. టికెట్టు ధరతో గది, మూడు పూటలా తిండి, ఆటాపాటా అన్నీ ఇచ్చి వాళ్లు బతకలేరు. పెద్ద కంపెనీల లెక్కల్లో, ఓడ ఎక్కాక జనం పెట్టే ఖర్చు మొత్తం రాబడిలో ఇంచుమించు 30 శాతం. బారు, జూదం, ఊళ్లు చూపించే టూర్లు, ఇంటర్నెట్టు అన్నీ అందులోకే వస్తాయి. బారు దాంట్లో పెద్దన్న. కాబట్టి నువ్వు తెచ్చుకున్న సీసా వాళ్ల జేబుకి చిల్లే.

తాగేవాళ్ల కోసం రోజుకింతని ప్యాకేజీ ఉంటుంది. దాని మీద సేవా రుసుం 18, 20 శాతం పడుతుంది. అందులో ఒక మెలిక. ఒక గదిలో ఒకరు కొంటే ఆ గదిలో పెద్దవాళ్లంతా కొనాలని చాలా కంపెనీల రూలు. లేకపోతే మొగుడు కొని, పెళ్లానికీ బావమరిదికీ పంచుతాడని. కార్నివాల్ వాళ్ల ప్యాకేజీలో రోజుకి 15 మందు గ్లాసులు దాటి పోయరు. పదిహేను! పదహారోది అడిగి లేదనిపించుకుని అలిగినవాళ్లని నా కళ్లతో చూశాను.

ఇక మిగతా సగం. ఓడలో డబ్బులు చేతులు మారవు, గది తలుపు తెరిచే కార్డే పర్సు. ఏ బారులో ఎన్ని గ్లాసులు తీసుకున్నావో ఆ కార్డులో పడుతూంటుంది. బారు కుర్రాడు కార్డు గీకినప్పుడు నువ్వు ఆరోదానిలో ఉన్నావని అతనికి తెలుస్తుంది. నీ మాట తడబడుతోందా, కాళ్లు తేలుతున్నాయా అని చూస్తాడు, అవసరమైతే ఆపుతాడు. అతనికి ఆ శిక్షణ ఇస్తారు, ఆపకపోతే అతని ఉద్యోగమే పోతుంది. గదిలో దాచుకున్నది తాగి వచ్చినవాడి కార్డులో రెండే ఉంటాయి. ఒంట్లో ఎనిమిది ఉంటాయి. నాకు తెలిసి రూలు ఉండటానికి అసలు కారణం ఇది. సముద్రం మీద పక్కవీధిలో ఆసుపత్రి ఉండదు కదా. అమెరికా వాళ్లు 2010లో ఒక చట్టం తెచ్చి, డెక్కు అంచున కమ్మీలు కనీసం 42 అంగుళాల ఎత్తుండాలన్నారు. మనిషి నడుం పైకి వస్తుంది. తాగినవాడు దాని మీద ఎక్కి కూర్చుంటానంటే చట్టం ఏం చేస్తుంది?

నేను దెబ్బ తిన్నదీ అక్కడే. అప్పుడు నేను స్టీవార్డుని, నా కింద పదిహేను గదులు. ఒక గదిలో ఒంటరిగా వచ్చిన పెద్దాయన, రిటైరైన ఇంజనీరు, మంచిమనిషి. మొదటి రోజే ఐసు బకెట్టు నింపమన్నాడు. రెండో రోజు నింపుతుంటే మంచం కింద జిన్ను సీసా మెడ కనబడింది. ఆయన నా చేతిలో ఇరవై డాలర్ల కాగితాలు రెండు పెట్టి కన్ను గీటాడు. నెలకి ఇంటికి పంపేది లెక్కపెట్టుకుంటూ బతికే రోజులు. మా నాన్న కిడ్నీ జబ్బుతో మంచాన ఉన్నాడు, ఉద్దానం సంగతి నీకు చెప్పక్కర్లేదు. తీసుకున్నాను. ఐసు రోజుకి మూడుసార్లు పోశాను.

ఓడల్లో బాత్రూంకి గడప ఉంటుంది, నీళ్లు గదిలోకి రాకుండా. మన ఇళ్ల గడపలంత ఎత్తు. తెలివిలో ఉన్నవాళ్లే మొదటి రెండు రోజులూ తన్నుకుంటారు. నాలుగో రాత్రి ఆయన దానికి తగులుకుని, ముందుకి పడి, నుదురు వాష్ బేసిన్ అంచుకి కొట్టుకున్నాడు. పొద్దున్న నేను తలుపు కొట్టేసరికి తువ్వాలంతా నెత్తురు. బతికాడు, తొమ్మిది కుట్లు. డాక్టరు గ్లాసులు లెక్క చూస్తే కార్డులో ఒక్క కాఫీ తప్ప ఏమీ లేదు. సీసా ఎవరికి తెలుసు, గది సర్దేవాడికి తెలీదా అని అడిగారు. నాకు అబద్ధం రాదు, వచ్చినా ఇంగ్లీషులో రాదు. రాతపూర్వకంగా హెచ్చరిక కాగితం ఇచ్చారు. తర్వాతి కాంట్రాక్టుకి పిలుపు ఎనిమిది నెలలు ఆలస్యమైంది. ఆ ఎనిమిది నెలలూ మా అమ్మ జీడితోటలో పిక్కలు ఏరడానికి పోయింది. నలభై డాలర్లు!

ఆ ముసలాయన దిగేరోజు వీల్‌ఛైర్లోంచి నాకు చెయ్యి ఊపాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. అదేం విచిత్రమో.

"ఎక్స్‌రేలో మందుకీ నీళ్లకీ తేడా తెలుస్తుందా? పట్టుకున్న సీసాలు మీరే తాగేస్తారని విన్నాను, నిజమేనా?" — శ్రీకాకుళం

మొదటిదానికి జవాబు: తెలీదు. ఆ తెరమీద గుడ్డ, కాగితం, నూనె, నీళ్లు, బ్రాందీ అన్నీ నారింజ రంగే. ఇనుం, ఇత్తడి నీలంగా కనబడతాయి. తేడా చెప్పేది రంగు కాదు, ఆకారం. చీరల మడతల మధ్య నున్నగా, ఒకే మందంలో ఒక మచ్చ కనబడిందంటే అది చీర కాదు.

తేడా తెలీకపోబట్టే ఇంకో పని జరిగింది. మంచినీళ్ల సీసాల పెట్టెల్లో నీళ్లకి బదులు వోడ్కా పోసి, మూతలకి మళ్లీ సీలు అతికించి తెచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. సీసా సీసా విప్పి చూడాలంటే ఎక్కే క్యూ రేవు బయటిదాకా పోతుంది. 2015 జూలైలో కార్నివాల్ వాళ్లు అసలు ప్లాస్టిక్ సీసాల్లో ఏ పానీయమూ తేవద్దన్నారు. డబ్బాల్లోవి మాత్రం పన్నెండు దాకా తెచ్చుకోవచ్చు. నార్వీజియన్ అనే ఓడల కంపెనీ వాళ్లూ అదే నెలలో అదే బాట పట్టారు. మందుబాబుల పుణ్యాన, దాహానికి నాలుగు నీళ్ల సీసాలు తెచ్చుకునే పిల్లలతల్లి కూడా పట్టుబడినట్టైంది.

రెండోదానికి జవాబు చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు తడారుతుంది. రేవుల్లో కొన్న సీసాలైతే చీటీ కట్టి లోపల పెట్టి, ఆఖరి రాత్రి గదికి పంపిస్తారు. ఎక్కేరోజు దాచి తెచ్చినవైతే చాలా కంపెనీల్లో పారబోతే. పుస్తకంలో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, సింకులో వంచేవాళ్లం. ఒకసారి పద్దెనిమిదేళ్లు పీపాలో మాగిన స్కాచ్ వచ్చింది. నాతో డ్యూటీలో ఉన్న గూర్ఖా దాజూ మాజీ సైనికుడు, దేనికీ చలించే మనిషి కాదు. నేను సీసా వంచుతుంటే ఆయన గోడవైపు తిరిగిపోయాడు. "బేగి కానీ" అని హిందీలో అన్నాడు. ఆ గదిలో రెండు రోజులు ఆ వాసన పోలేదు.

తాగడమా? డ్యూటీలో ఉన్న నావికుడి రక్తంలో మద్యం 0.05 శాతం మించకూడదని అంతర్జాతీయ నిబంధన, కంపెనీలు ఇంకా తక్కువే పెట్టుకుంటాయి. ఏ అర్ధరాత్రో వచ్చి ఊదమంటారు. ఎక్కువ చూపిస్తే తర్వాతి రేవులో నీ పెట్టె నీ చేతిలో ఉంటుంది. విమానం టికెట్టు ఖర్చు జీతంలో కోసిన సంగతులూ విన్నాను.

"తాటికల్లు మందు కిందకి వస్తుందా? థర్మాస్ ఫ్లాస్కులో తీసుకెళ్లొచ్చా?" — రాజాం

వస్తుంది. తీసుకెళ్లకూడదు. ఆ రూలు పక్కన పెట్టినా, కల్లు నీ మాట వినదు బాబూ. దించిన దగ్గర్నుంచీ అది పులుస్తూనే ఉంటుంది, గ్యాసు పుట్టిస్తూనే ఉంటుంది. మా బావ ఒకడు టెక్కలిలో రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాకి కల్లు పోయించుకుని, మూత బిగించి, శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి వచ్చే బస్సెక్కాడు. మే నెల. నరసన్నపేట దాటేసరికి సీసా అడుగు ఉబ్బి, నిలబడ్డం మానేసి దొర్లుతోందట. "ఏటైపోతాదో అని మూత రవ్వంత ఒదులు చేసినాన్రా" అన్నాడు. ఆ రవ్వంతకే ముందుసీటు పంతులుగారి పంచెకి అభిషేకమైపోనాది. బస్సులో అయితే తిట్టి ఊరుకుంటారు. ఓడలో మూత పేలిన చప్పుడికి సెక్యూరిటీ పరిగెత్తుకొస్తుంది.

"ఓడలకీ మద్యానికీ ఈ సంబంధం ఎప్పటిది? మన నిషేధం రోజులు గుర్తొచ్చి అడుగుతున్నాను." — విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

మాస్టారూ, ఒకప్పుడు ఓడవాడికి మందు పోయడమే రూలు. బ్రిటిష్ నౌకాదళంలో కలాసీలకి రోజూ రమ్ము రేషను ఉండేది, మనకి బియ్యం కార్డులాగ. అది ఆగింది 1970 జూలై 31న. మరీ నిన్నా మొన్నా. ఆ రోజుకి వాళ్లు 'బ్లాక్ టాట్ డే' అని పేరు పెట్టుకుని దుఃఖించారు. అమెరికా నౌకాదళం వాళ్లు 1914లోనే యుద్ధనౌకల్లో మద్యం మాన్పించేశారు.

మీకు నచ్చే ముక్క ఇంకోటి ఉంది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. అప్పుడు కొన్ని ఓడలు జనాన్ని ఎక్కించుకుని, వాళ్ల సముద్ర సరిహద్దు దాటగానే బారు తెరిచేవి. ఎక్కడికీ పోవు, ఏ ఊరూ చూడవు. తాగించి, తిప్పి, వెనక్కి తెచ్చి దింపేవి. ఈనాటి విలాస ప్రయాణాలకి అలవాటు పడింది అలాంటి రోజుల్లోనే. అంటే అప్పుడు మందు కోసం ఓడెక్కారు, ఇప్పుడు ఓడలోకి మందు దొంగతనంగా తెస్తున్నారు.

మన నిషేధం సంగతి నాకెందుకు గుర్తుండదు? సారా 1993 అక్టోబరులో పోయింది, 1995లో ఎన్టీఆర్ మొత్తం మూసేశారు, 1997లో మళ్లీ తెరుచుకున్నాయి. నడుమ ఆ రెండేళ్లూ ఇచ్ఛాపురం ఇవతలా అవతలా ఎంత వ్యవహారం! నాకప్పుడు ఇరవై దాటలేదు. మా పెదనాన్న జీడిపిక్కల బస్తాల మధ్య సీసాలు పెట్టి ఒడిశా నుంచి తెచ్చేవాడు. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ బస్తాలోకి ఇనుప ఊచ దించితే, పిక్కల్లో ఊచ సరసర దిగాలి. గాజుకి తగిలి టింగుమంటే అయిపోయింది. అందుకని మా పెదనాన్న సీసాలకి గోనెగుడ్డ చుట్టేవాడు. ఆ ఊచ పద్ధతి నాకు పదిహేనేళ్ల తర్వాత, వేరే సముద్రం మీద, వేరే సంచుల్లో చెయ్యి పెట్టినప్పుడు పనికొచ్చింది. గట్టిగా కట్టిన మెత్తటిది ఏదైనా తగిలితే ముందు దాన్నే విప్పేవాణ్ని. ఏ బడిలో నేర్చావోయ్ అని మా ఆఫీసరు అడిగితే ఏం చెప్పను!

"విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై పోయే ఓడ ఎక్కుదామనుకుంటున్నాం. పుదుచ్చేరిలో మందు చవకట. అక్కడ కొని ఓడలోకి తెచ్చుకోవచ్చా?" — చీపురుపల్లి

2022 జూన్‌లో మొదటిసారి విశాఖకి వచ్చిన ఎంప్రెస్ ఓడ గురించేగా. అది ఎప్పటిదో తెలుసా? 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో రాయల్ కరీబియన్ వాళ్ల కోసం కట్టింది. మన రేవుకి వచ్చేసరికి ముప్ఫై దాటిన పెద్దముత్తైదువ. చూస్తే అలా అనిపించదు.

మధ్యలో రేవులో దిగి కొన్నది ఏదైనా, మళ్లీ ఎక్కేటప్పుడు ఎక్స్‌రే దాటాల్సిందే. అక్కడ తీసుకుని చీటీ ఇస్తారని పైనే చెప్పాను. గదిలో తాగడానికి మాత్రం చేతికివ్వరు. సరే, ఆఖర్న ఇచ్చారనుకో, అప్పుడు నువ్వు దిగేది చెన్నైలో. సీసా మీద పుదుచ్చేరిలో అమ్మకానికి మాత్రమే అని అచ్చు వేసి ఉంటుంది. రాష్ట్రం మారితే ఎక్సైజు వాళ్ల లెక్క వేరు, దొరికితే ఓడవాళ్లలా నవ్వుతూ సంతకం పెట్టించుకోరు. విదేశం నుంచి వస్తే సుంకం లేకుండా రెండు లీటర్లు తెచ్చుకోవచ్చన్నది ఉంది గాని, ఇది విదేశం కాదు కదా. టికెట్టుతో పంపే షరతుల కాగితంలో మద్యం పేరా చదువుకుని బయల్దేరండి. నాలుగు లైన్లే ఉంటుంది.

"బాబూ, మా గుంటడికి క్రూయిజ్ ఓడలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల స్పెయిన్ వెళ్లి ఎక్కాలంట. పచ్చడీ, నెయ్యీ, తలకి ఆముదం పెట్టి పంపిస్తే తీసుకుంటారా, పారేస్తారా? ఇంట్లో ఉన్నవి మా ఆయన తాగి పడీసిన సీసాలే." — ఒక తల్లి, కవిటి

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మీ గుంటడి గురించి కాదు, నా గురించి.

1999లో నేను మొదటిసారి బయల్దేరినప్పుడు మా అమ్మ కూడా అదే చేసింది. బ్రాందీ క్వార్టరు సీసా, కడిగి ఎండబెట్టి, నిండా ఆముదం. పైన ప్లాస్టిక్ కాగితం, దాని మీద మూత, మూత చుట్టూ కుంకం రంగు దారం. విమానాల్లో చేతిసంచిలో 100 మిల్లీలీటర్ల రూలు 2006 తర్వాత వచ్చింది, అప్పుడు ఎవరూ అడగలేదు. ఓడ మెట్ల దగ్గర ఆపారు. సీసా మీద కాగితం ఊడదీయలేదు మా అమ్మ, బ్రాండు పేరు నిగనిగలాడుతోంది. కొత్తగా వచ్చినవాడు, మొదటి గంటలోనే, మందుతో! నాకు ఇంగ్లీషులో ఆముదం అంటే ఏమిటో తెలీదు. "హెయిర్, హెయిర్" అని నెత్తి చూపించాను. గూర్ఖా కాపలాదారు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం చిట్లించి, మళ్లీ పెట్టుకున్నాడు. చూపుడువేలికి ఒక చుక్క రాసుకుని రుద్దాడు. "అండీ" అన్నాడు. హిందీలో ఆముదం గింజని అలాగే అంటారని తర్వాత తెలిసింది. మన భాషలో మర్యాదగా పిలిచాడేమో అనుకుని నేనూ "అండీ" అన్నాను.

మీరు పంపండి. పచ్చడి నూనె కారకుండా రెండు కవర్లలో, చెక్‌ఇన్ పెట్టెలో పెట్టాలి, చేతిసంచిలో కాదు. కంపెనీలో ప్యాక్ చేసిన సీలు పచ్చడైతే అడిగేవాళ్లుండరు. ఇంటిదైతే కొన్ని ఓడల్లో ఎక్కనివ్వరు, అందుకని ఎక్కువ పెట్టి బాధపడకండి. నెయ్యి వద్దు. పాలూ మాంసం సరుకులకి యూరప్‌లో దిగేచోటే అడ్డు. ఆముదం నిక్షేపంగా పంపండి, సీసా మాత్రం మార్చండి. కొబ్బరినూనె డబ్బా చాలు. ఇంకో మాట, పంపుతున్న ఏజెంటుకి ఓడ ఉద్యోగాలకి మనుషుల్ని పంపడానికి ప్రభుత్వ షిప్పింగు డైరెక్టర్ జనరల్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు సంగతి మాట్లాడమనండి.

ఆ గూర్ఖా మోకాళ్ల నొప్పులకి నా సీసాలో సగం ఆ కాంట్రాక్టులోనే అయిపోయింది. తర్వాతి ఏడు మా అమ్మ రెండు సీసాలు ఇచ్చింది, ఒకటి ఆయనకని.